ఏకవచనంలో ఆమె

తొమ్మిదేళ్లుగా ఇంట్లో కూర్చుని సినిమాలకు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి. రెండేళ్ల నుంచి పిల్లల కామిక్స్ కూడా తెలుగు చేస్తున్నాను. సినిమా చూసేవాళ్ళకు అంత తొందరగా కనబడని సంగతి ఒకటి మా ఫైల్లో ఇట్టే కనబడిపోతుంది. అక్కడ మ్యూజిక్ ఉండదు, క్లోజప్ ఉండదు, గాలికి ఎగిరే జుట్టు ఉండదు. ఒక్కో డైలాగుకు ఒక నంబరు, అది తెర మీదకు ఎప్పుడు రావాలో ఎప్పుడు పోవాలో టైము, దాని కింద మాట. అంతే. మెరుపులన్నీ పోయాక ఒక పాత్రకు చివరికి ఎంత మిగిలిందో లెక్క తేలిపోతుంది.

మొన్న ఒక యాక్షన్ సినిమా చేశాను. పదమూడు వందల పైచిలుకు లైన్లు. పోస్టర్ మీద హీరోతో సమానంగా నిలబడ్డ ఆమెవి డెబ్బై కూడా లేవు. వాటిలో సగానికి పైగా ప్రశ్నలే. “ఏమైంది?” “ఎవరు వాళ్ళు?” “ఇప్పుడెక్కడికి?” “నీకెలా తెలుసు?” హీరోకు తెలిసినవి మనకు తెలియాలంటే ఎవరో ఒకరు అడగాలి కదా, ఆ అడిగే పని ఆమెకు అప్పగించారు. కథ ప్రకారం ఆమె డాక్టరు. రెండు గంటల సినిమాలో వైద్యం గురించి ఆమె మాట్లాడింది ఒక్కసారి, అదీ హీరో భుజానికి కట్టు కడుతూ.

మా పనిలో ఇంకో ఇబ్బంది ఉంది. తెర మీద ఒకసారికి రెండు లైన్లే పడతాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కథకు అవసరమైన మాట ఉంచి రెండోది వదిలేయాలి. ఇన్నేళ్లలో నేను వదిలేసిన మాటల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళవే. కావాలని చేసింది కాదు. ఆ మాట తీసేసినా కథకు వీసమెత్తు నష్టం లేదు, అలా రాశారు దాన్ని. రాత్రి పూట ఒక్కదాన్నే కూర్చుని ఒక మనిషి మాటను డిలీట్ కొట్టి, వెనక్కి వెళ్ళి సీను మళ్ళీ చూసి, ఏమీ తేడా రాలేదని తెలుసుకున్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఈ పని మొదలుపెట్టాకే తెలుగు క్రియల మీద కూడా నాకు ధ్యాస పెరిగింది. “అతను వచ్చాడు.” “ఆమె వచ్చింది.” “బస్సు వచ్చింది.” ఊహ తెలిసినప్పటి నుంచి అంటున్న మాటలే. మన వ్యాకరణంలో మగవాళ్ళను చెప్పేవి మహద్వాచకాలు, జంతువులనూ వస్తువులనూ చెప్పేవి అమహద్వాచకాలు. ఆడవాళ్ళను చెప్పేవాటికి మహతీ వాచకాలని వేరే పేరు. వేరే పేరు ఎందుకంటే ఇవి అటూ ఇటూ కూడా ఉంటాయి. ఏకవచనంలో అమహత్తుల వైపు, బహువచనంలో మహత్తుల వైపు. రెండు బస్సులొస్తే “వచ్చాయి”. ఇద్దరు ఆడవాళ్ళొస్తే “వచ్చారు”. అంటే ఒక్కతే వచ్చినప్పుడు బస్సుతో జమ, ఇంకో ఆడమనిషి తోడైతే మనుషుల్లో జమ. లేదంటే ‘గారు’ తగిలించి గౌరవం ఇవ్వాలి, అప్పుడు ఒక్కరైనా “వచ్చారు” అంటాం.

భాషను తప్పుబట్టడానికి ఇది చెప్పడం లేదు. “అమ్మ వచ్చింది” అనే మాటలో నాకు మా అమ్మే కనబడుతుంది, బస్సు కనబడదు. ఆ మాటను నేను మార్చను. కానీ సినిమాలూ కామిక్సూ, అవి ఏ దేశానివైనా సరే, అచ్చం ఈ క్రియలాగే నడుస్తున్నాయని ఒకరోజు తట్టింది. అప్పటి నుంచి ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

తట్టింది కూడా మా అక్క కూతురి వల్ల. దానికి పన్నెండేళ్లు. నేను తెలుగు చేసిన కామిక్ ప్రూఫులు అచ్చుకు పంపే ముందు దానికిచ్చి చదివిస్తాను, ఎక్కడ నాలుక తడబడుతుందో చెబుతుందని. ఆ కామిక్‌లో అయిదుగురు పిల్లల ముఠా. ఒకడు బలశాలి, ఒకడు తెలివైనవాడు, ఒకడు తిండిపోతు, ఒకడికి ముక్కు మీద కోపం. అయిదో మనిషి ఒక అమ్మాయి. పుస్తకం మూసి అడిగింది, “పిన్నీ, ఈ అమ్మాయి ఎలాంటిది?” జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నలభై ఎనిమిది పేజీలు నా చేత్తో తెలుగు చేసినదాన్ని, ఆ పిల్ల ఎలాంటిదో నాకు తెలియలేదు. అమ్మాయి, అంతే. మిగతా నలుగురికీ గుణాలున్నాయి, ఈ పిల్లకు ఆడపిల్ల కావడమే గుణం.

కేథా పాలిట్ అనే అమెరికన్ రచయిత్రి 1991లోనే దీనికి ‘స్మర్ఫెట్ సూత్రం’ అని పేరు పెట్టింది. స్మర్ఫులు బెల్జియం కార్టూనిస్టు పెయో సృష్టించిన నీలం రంగు బుడ్డ మనుషులు. వాళ్ళ మధ్యకు 1966లో స్మర్ఫెట్ వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? వాళ్ళలో వాళ్ళకు తగువులు పెట్టాలని దుష్ట మాంత్రికుడు తయారుచేసి పంపాడు. ఒక్క ఆడది, అదీ తగువు కోసం చేసిన సరుకు.

ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టాను, ఎక్కడ చూసినా ఇదే వరస. 1961లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ కామిక్‌లో నలుగురు హీరోలు, అందులో ఒకే అమ్మాయి స్యూ స్టార్మ్. మిగతా ముగ్గురిలో ఒకడు సాగుతాడు, ఒకడు మండుతాడు, ఒకడు బండరాయి. ఈమెకు ఇచ్చిన శక్తి కనబడకుండా పోవడం. ‘ఇన్విజిబుల్ గర్ల్’ పేరులోని గర్ల్ తీసేసి వుమన్ అని మార్చడానికి 1985 దాకా పట్టింది, అప్పటికే ఆమె పిల్లాడి తల్లి కూడా.

వండర్ వుమన్ సంగతి ఇంకా బాధ. 1941లో ఆమెను సృష్టించిన విలియం మౌల్టన్ మార్‌స్టన్ సైకాలజిస్టు. ఆడపిల్లలకు బలమైన నాయిక కావాలని కోరి మరీ రాసిన మనిషి. ఆమె సొంత కామిక్‌లో ద్వీపం నిండా ఆడవాళ్ళు, వాళ్ళలో రాణులున్నారు, యోధులున్నారు. అదే వండర్ వుమన్ 1942లో జస్టిస్ సొసైటీ అనే మగ హీరోల గుంపులోకి వెళ్తే ఏ పదవి ఇచ్చారు? సెక్రటరీ. వాళ్ళు యుద్ధాలకు వెళ్తుంటే ఈమె మీటింగు విశేషాలు రాసుకోవాలి. అదే మనిషి, అవే బలాలు. చుట్టూ ఆడవాళ్ళు ఉన్న పేజీలో ఒకలా ఉంది, ఒక్కతే ఉన్న పేజీలో ఇంకోలా అయిపోయింది. 2017లో పాటీ జెంకిన్స్ తీసిన సినిమా చూసినప్పుడు కూడా నాకు మొదటి అరగంటే ప్రాణం. ఆ ద్వీపంలో గుర్రాల మీద ఆడవాళ్ళు దూసుకొస్తుంటే మా అక్క కూతురు సోఫాలో లేచి నిలబడింది. ద్వీపం వదిలాక ఆమె చుట్టూ దాదాపు అందరూ మగవాళ్ళే.

బెక్‌డెల్ టెస్ట్ గురించి చాలామంది వినే ఉంటారు. 1985లో కార్టూనిస్టు ఆలిసన్ బెక్‌డెల్ వేసిన కామిక్ స్ట్రిప్పు అది. ఇద్దరు ఆడవాళ్ళు నడుస్తూ సినిమా గురించి మాట్లాడుకుంటారు. ఒకామె తన షరతులు చెబుతుంది: కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా ఇంకేదైనా అయుండాలి. ఈ ఆలోచన తన స్నేహితురాలు లిజ్ వాలెస్‌దని బెక్‌డెల్ పేరు పెట్టి మరీ చెప్పింది. ఈ టెస్టు వల్ల సినిమా మంచిదో చెడ్డదో తేలదని విమర్శించేవాళ్ళున్నారు, అది నిజమే. కానీ మొదటి షరతును తెలుగులో చదివి చూడండి. ఇద్దరు ఉండాలి. “వచ్చింది” సరిపోదు, “వచ్చారు” కావాలి.

ఆ స్ట్రిప్పులో ఆమె తను చివరగా చూడగలిగిన సినిమా ‘ఏలియన్’ అంటుంది. 1979 నాటి సినిమా. అంతరిక్షంలో పోయే ఓడలో ఏడుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు, రిప్లీ, ల్యాంబర్ట్. వాళ్ళిద్దరూ ఓడలోకి చొరబడిన భూతం గురించి మాట్లాడుకుంటారు. ఈ పాత్రల్లో ఎవరినైనా ఆడవాళ్ళకీ ఇవ్వొచ్చు మగవాళ్ళకీ ఇవ్వొచ్చు అని స్క్రిప్టులోనే రాసుకున్నారట. మాటలు రాసేటప్పుడు ‘ఈమె ఆడమనిషి’ అనే ఆలోచన అడ్డు రాలేదు కాబట్టే రిప్లీ వాటాకు ప్రశ్నలు మాత్రమే మిగల్లేదు. రిప్లీ ధైర్యం గురించి అందరూ రాశారు, నాకు మాత్రం ల్యాంబర్ట్ మీద ఎక్కువ ప్రేమ. ఆమె వణికిపోతుంది, ఏడుస్తుంది. అది చూసి ‘ఆడవాళ్ళింతే’ అని అనాలనిపించదు, ఎందుకంటే పక్కనే రిప్లీ ఉంది. ఇద్దరుంటే ఒకరు భయపడొచ్చు. ఒక్కతే ఉంటే ఆమె భయం మొత్తం ఆడజాతికి అంటుకుంటుంది, లేదా ఆ భయం లేకుండా ఆమెను ఇనుప బొమ్మలా చేసి చూపిస్తారు.

ఇక కామిక్స్‌లో ఆడవాళ్ళ చావుల గురించి. దీని గురించి రాయాలంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది. 1994లో గ్రీన్ లాంటర్న్ 54వ సంచికలో హీరో కైల్ రేనర్ ఇంటికి వస్తాడు. ప్రేయసి అలెగ్జాండ్రా డీవిట్‌ను విలన్ చంపి ఫ్రిజ్‌లో కుక్కి పెట్టి ఉంటాడు. ఆమె ఫొటోగ్రాఫరు, అతని శక్తులను ఎలా వాడుకోవాలో నేర్చుకోవడానికి సాయపడిన మనిషి. ఆమె చావుతో అతనికి పగ పుడుతుంది, కథ ముందుకు పోతుంది. పోయింది ఆమె ప్రాణం, కథ అయింది అతని దుఃఖం. 1999లో గెయిల్ సిమోన్ అనే అభిమాని ఇలా చచ్చిపోయిన, చిత్రహింసలు పడిన, శక్తులు పోగొట్టుకున్న కామిక్ నాయికల పేర్లన్నీ ఒకచోట చేర్చి ‘విమెన్ ఇన్ రిఫ్రిజిరేటర్స్’ అని వెబ్‌సైటు పెట్టింది. అప్పటికి ఆమె వృత్తి జుట్టు కత్తిరించడం. ఆ జాబితాను నేను ఒక రాత్రి పై నుంచి కింద దాకా చదివాను. పేరు తర్వాత పేరు. విడివిడిగా చదివినప్పుడు ఒక్కొక్కటీ ఒక్కో కథ, దేనికదే న్యాయంగా ఉన్నట్టు అనిపిస్తుంది. వరసలో పెడితే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఆ జాబితాలో బార్బరా గోర్డన్ కూడా ఉంది. పోలీస్ కమిషనర్ కూతురు, లైబ్రేరియన్, 1967 నుంచి బ్యాట్‌గర్ల్. 1988లో వచ్చిన ‘ది కిల్లింగ్ జోక్’లో ఆమె తలుపు తీస్తుంది, ఎదురుగా బ్యాట్‌మన్ శత్రువు జోకర్, తుపాకి పేలుతుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆమె నడవలేదు. ఆ పుస్తకం గొప్పదనే చాలామంది అంటారు. బొమ్మలు అద్భుతమే, ఒప్పుకుంటాను. కానీ ఆ గుండు ఆమె వెన్నులో దిగితే, మిగతా పుస్తకమంతా ఆమె తండ్రికి పిచ్చెక్కుతుందా లేదా, జోకర్‌కూ బ్యాట్‌మన్‌కూ మధ్య ఉన్నది ఏమిటి అన్నదే. ఆమెకేమనిపించిందో అడిగినవాళ్ళు లేరు.

ఆ అడిగిన పని కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ అనే దంపతులు చేశారు. 1989లో వాళ్ళు సూసైడ్ స్క్వాడ్ కథల్లోకి బార్బరాను మళ్ళీ తెచ్చారు, ఒరాకిల్ అనే పేరుతో. చక్రాల కుర్చీలో, కంప్యూటర్ల ముందు, అందరికీ సమాచారం అందించే మనిషిగా. అదే గాయం. దాన్ని మాయ చేసి నయం చేయలేదు. కానీ ఈసారి ఆ గాయం ఆమెది, దాంతో బతికేది ఆమె. 1996లో ఆమెకు బ్లాక్ కానరీ అనే ఇంకో నాయిక తోడైంది, ఆ జంట కథలకు పేరు ‘బర్డ్స్ ఆఫ్ ప్రే’. ఒకామె గదిలో, ఇంకొకామె బయట ప్రమాదాల్లో, ఇద్దరి మధ్యా చెవిలో మాట. ఆ పుస్తకాల్లో ఇద్దరు ఆడవాళ్ళు పేజీలకు పేజీలు మాట్లాడుకుంటారు, వాదించుకుంటారు. 2003లో ఆ సిరీస్ రాసే పని ఎవరి చేతికి వచ్చిందో తెలుసా? గెయిల్ సిమోన్ చేతికే. జాబితా రాసిన ఆమెకే. ఈ సంగతి తెలిసిన రోజు నేను పని ఆపేసి మా అక్కకు ఫోన్ చేసి చెప్పాను, కామిక్స్ అంటే ఏమిటో తెలియని మా అక్కకు.

ఇద్దరుంటే చాలు అన్నీ చక్కబడతాయని నేననడం లేదు. 2013 నాటి ‘గ్రావిటీ’లో చాలాసేపు శాండ్రా బుల్లక్ ఒక్కతే, అయినా ఆ మనిషిని వస్తువు అనుకోవడానికి ఎక్కడా సందు లేదు. ఊపిరి తీసేది, భయపడేది, చచ్చిపోదామనుకునేది, మళ్ళీ మీట నొక్కేది అన్నీ ఆమే. క్రియలన్నీ ఆమెవైనప్పుడు ఆ ‘ది’ అనే చివరి అక్షరానికి బరువు వస్తుంది. అలాంటి సినిమాలు ఎన్నో లేవు, అదే చిక్కు.

చివరగా నా చేతిలో ఉన్న విషయం చెప్పాలి. ఇంగ్లీషులో ‘యూ’ ఒకటే. మనకు నువ్వు, మీరు రెండూ ఉన్నాయి. మొదట్లో నేను ఆలోచించకుండానే భార్యాభర్తల సీన్లలో అతని నోట ‘నువ్వు’, ఆమె నోట ‘మీరు’ రాసేదాన్ని. మూల కథలో ఇద్దరూ సమానంగా అరుచుకుంటున్నారు, నా తెలుగులో ఆమె ఒక మెట్టు కింద నిలబడి అరుస్తోంది. ఆ మెట్టు నేను కట్టింది. ఎన్ని సినిమాల్లో అలా కట్టానో తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఈ పని నేర్చుకునే రోజుల్లో ప్రాక్టీసు కోసం ఏలియన్‌లో ఒక సీను తెలుగు చేసుకున్నాను. కేన్ ముఖాన్ని ఏదో జీవి పట్టుకుని ఉంటుంది. కెప్టెన్ డాలస్ అతన్ని మోసుకొచ్చి తలుపు తీయమంటాడు. లోపలున్న రిప్లీ 24 గంటల క్వారంటైన్ రూలు చెప్పి తీయనంటుంది. కెప్టెన్ ఇది ఆర్డరంటాడు, అయినా తీయదు. నా మొదటి ప్రతిలో ఆమె “తీయలేనండి, అర్థం చేసుకోండి” అంది. ఆ పాత కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. ‘తీయను’ని ‘తీయలేను’ చేశాను, మళ్ళీ దానికి ‘అండి’ తగిలించాను. ఒక అధికారి తీసుకున్న నిర్ణయం నా పెన్ను కింద బతిమాలుకోవడం అయిపోయింది. ఇప్పుడు నాకొక పద్ధతి ఉంది. ఆ ఓడలో మగవాళ్ళు కెప్టెన్‌ను ఎలా పిలుస్తారో ఆమె కూడా అలాగే పిలుస్తుంది. వాళ్ళు ‘నువ్వు’ అంటే ఆమెదీ ‘నువ్వు’, వాళ్ళు ‘మీరు’ అంటే ఆమెదీ ‘మీరు’. ‘తీయను’ మాత్రం ‘తీయను’గానే ఉంటుంది.

పోయిన నెల ఒక ఫైలు తిరిగొచ్చింది. హీరోయిన్ ‘నువ్వు’లన్నీ ‘మీరు’గా మార్చి, పక్కన ‘సహజంగా లేదు’ అని నోట్ పెట్టారు. నేను కోప్పడలేదు. అదే సినిమాలో హీరో స్నేహితుడు అతన్ని ‘నువ్వు’ అన్న లైన్ల నంబర్లన్నీ వరసగా రాసి, అది సహజంగా ఉంటే ఇదీ సహజమేనని జవాబు పంపాను. రెండు రోజులు టెన్షన్. నాలుగు తప్ప అన్నీ నేను రాసినట్టే ఉంచారు. ఆ నాలుగూ పెళ్ళయ్యాక వచ్చే సీన్లు. వాటి మీద ఇంకా వాదన నడుస్తోంది.

ఇప్పుడు చేస్తున్న సినిమాలో ఒక పడవ, అందులో ఇంజిన్ బాగుచేసే ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వాళ్ళిద్దరి సీను ఒకటి నాలుగు నిమిషాలుంది. బోల్టులు, నూనె, ఎవరు ముందు కిందికి దిగాలి అనే వాదన. ఒకచోట చెల్లి మాటా ఒడ్డున నిలబడ్డ మగవాడి మాటా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చెల్లి మాట లేకపోతే తర్వాత ఇంజిన్ ఎందుకు ఆగిందో అర్థం కాదు. అతని మాట తీసేశాను. చివర్లో వాళ్ళు ఒడ్డుకు చేరగానే ఎవరో ఇంగ్లీషులో రెండే మాటలు అరుస్తారు. 806వ లైను, ఒకటిన్నర సెకను. “వచ్చేశారు!” అని రాసి సేవ్ చేశాను.